ఒక్క స్మార్ట్‌ఫోన్‌తో కారు డీటెయిలింగ్ పని నడపడం ఎలా?

డీటెయిలింగ్ (కారును లోపలా బయటా లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టే) పని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అందరికంటే ముందు అడిగే ప్రశ్న: "ఏ యాప్ కొనాలి?" ఒకరో ఇద్దరో కలిసి చేసుకునే పనికి ఏదీ కొనక్కర్లేదు. ఫోన్‌లో ఇప్పటికే ఉన్నవి, ఉచితంగా దొరికేవి చాలు. ఈ పనిలో డబ్బు పోయేది యాప్ లేక కాదు. కారు సంగతి అడగకుండా ధర చెప్పేయడం వల్ల, పాత గీతలకు ఫోటో తీయకుండానే నీళ్లు కొట్టడం వల్ల, ఏ కారుకు ఎన్ని గంటలు పట్టిందో రాసుకోకపోవడం వల్ల పోతుంది. ఈ మూడూ ఫోన్‌తో ఆపగలిగినవే.

కస్టమర్ ఉన్న చోటికే వెళ్లి పని చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాం. సొంత షెడ్డు ఉంటే ప్రయాణం గురించిన మాటలు వదిలేయండి, మిగతాదంతా మీకూ వర్తిస్తుంది.

కావలసినవి

- నాలుగైదేళ్ల లోపు స్మార్ట్‌ఫోన్. ఖాళీ స్టోరేజీ కనీసం 20 జీబీ ఉండాలి. కెమెరా మరీ ఖరీదైనది అక్కర్లేదు గానీ లెన్సు మీద గీతలు ఉండకూడదు.
- పనికి విడిగా ఒక నంబరు (రెండో సిమ్ గానీ ఈ-సిమ్ గానీ).
- వాట్సాప్ బిజినెస్, క్యాలెండర్, మ్యాప్స్, గూగుల్ షీట్స్, ఒక వాతావరణ యాప్.
- 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. వీడియో, టార్చి, మ్యాప్స్ కలిస్తే మధ్యాహ్నానికల్లా చార్జింగ్ అయిపోతుంది.
- చేతిలో పట్టుకునే చిన్న ఎల్ఈడీ టార్చి. ఫోన్ ఫ్లాష్ దీని పని ఎందుకు చేయలేదో 6వ మెట్టులో ఉంది.
- నీళ్లు పడని పౌచ్, మణికట్టుకు తగిలించుకునే తాడు.

1. పని నంబరును వేరు చేయండి

ఇంటి నంబరుతోనే పని మొదలుపెడితే ఆరు నెలల్లో చుట్టాల మెసేజీలూ కస్టమర్ల మెసేజీలూ కలిసిపోతాయి. రెండో నంబరుతో వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ ఒకే ఫోన్‌లో పక్కపక్కనే నడుస్తాయి, నంబర్లు మాత్రం వేరుగా ఉండాలి.

ప్రొఫైల్‌లో పని వేళలు, ఏయే ఏరియాలకు వస్తారు, ఏయే పనులు చేస్తారు అన్నవి నింపండి. గ్రీటింగ్ మెసేజ్ మొదటిసారి రాసినవాళ్లకూ, 14 రోజులుగా మీతో మాట్లాడనివాళ్లకూ దానంతట అదే వెళ్తుంది. అందులో సొంత డబ్బా వద్దు. "కారు మోడల్, ఉండే చోటు, ఏ పని కావాలో రాయండి. సాయంత్రంలోగా జవాబిస్తాం" అన్నంత ఉంటే చాలు.

చాట్‌లకు తగిలించే లేబుల్స్ 20 వరకు పెట్టుకోవచ్చు గానీ ఐదు దాటితే ఎవరూ వాడరు. అడిగారు, ధర చెప్పాం, అడ్వాన్సు వచ్చింది, పని అయింది, బాకీ ఉంది. ఇవి చాలు.

వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. "పొరపాటున మీ ఫోన్‌కి కోడ్ వచ్చింది, చెప్పండి" అని ఎవరు అడిగినా చెప్పవద్దు. ఆ కోడ్ ఇస్తే మీ నంబరుతో పాటు కస్టమర్లందరూ వాళ్ల చేతిలోకి వెళ్లిపోతారు.

2. కేటలాగ్‌లో పనులు పెట్టండి

నాలుగైదు పనులకు మించవద్దు. ప్రతి దానికీ మూడు సంగతులు తప్పక రాయాలి: అందులో ఏం చేస్తారు, ఏం చేయరు, ఎంతసేపు పడుతుంది. గొడవలన్నీ రెండో దాని దగ్గరే పుడతాయి. "ఇంటీరియర్ క్లీనింగ్" అంటే సీటు మరకలు పోవడం కూడా అని కస్టమర్ అనుకుంటారు, వాక్యూమ్ పట్టి డాష్‌బోర్డు తుడవడమని మీరు అనుకుంటారు. "ఇందులో సీట్ల షాంపూ ఉండదు" అని ఒక్క వాక్యం రాసి పెడితే ఆ గొడవ ఉండదు.

ఒక్కరే చేస్తే పట్టే సమయం సుమారుగా ఇలా ఉంటుంది. హ్యాచ్‌బ్యాక్‌కు బయట చేతి వాష్, లోపల వాక్యూమ్ కలిపి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. సీట్లు, కార్పెట్ షాంపూతో లోతుగా చేస్తే మూడు నుంచి ఐదు గంటలు, ఆపైన ఆరడానికి మరికొన్ని గంటలు. ఒక దశ పాలిష్‌కు నాలుగు నుంచి ఎనిమిది గంటలు. పాలిష్ చేసి సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద గట్టిపడే రక్షణ పొర) వేయడానికి ఒకటి నుంచి రెండు రోజులు. పెద్ద ఎస్‌యూవీ అయితే వీటికి మూడో వంతు వరకు కలుపుకోండి. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలే. రెండు నెలలయ్యాక మీ షీటులో ఉన్న అంకెలనే నమ్మండి.

3. ధర చెప్పేముందు ఆరు ప్రశ్నలు

"ఎంతవుతుంది?" అన్న మెసేజీకి వెంటనే అంకె పంపడమే అందరూ చేసే మొదటి తప్పు. క్విక్ రిప్లైలో ఈ ప్రశ్నలు దాచుకోండి. మెసేజ్ పెట్టెలో స్లాష్ గుర్తు నొక్కి మీరు పెట్టుకున్న చిన్న పేరు కొడితే మొత్తం మెసేజ్ వచ్చేస్తుంది.

"నమస్తే అండీ. సరైన ధర చెప్పడానికి ఈ వివరాలు కావాలి.
కారు మోడల్, ఏ సంవత్సరం?
బయటా, లోపలా, రెండూనా?
లోపల పెంపుడు జంతువుల వెంట్రుకలు, ఇసుక, వాంతి మరకలు, బూజు ఉన్నాయా?
ఇంతకుముందు ఎక్కడైనా పెయింట్ వేయించారా, కోటింగ్ గానీ ఫిల్మ్ గానీ ఉందా?
కారు నిలిపే చోట నీళ్లు, కరెంటు, నీడ ఉన్నాయా?
నాలుగు వైపులా ఒక్కో ఫోటో, సీట్లవి రెండు ఫోటోలు పంపగలరా?"

వెంట్రుకల ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కార్పెట్‌లోకి అల్లుకున్న కుక్క వెంట్రుకలను తీయడానికి ఒక్కోసారి గంటకు పైగా పడుతుంది, మామూలు వాక్యూమ్‌కు రావు. పెయింట్ ప్రశ్న అంతకంటే ముఖ్యం. మళ్లీ పెయింట్ వేయించిన ప్యానెల్ (తలుపు, బానెట్ లాంటి బాడీ భాగం) పాలిషింగ్‌కు ఎలా స్పందిస్తుందో ముందే చెప్పలేం. పై పొర పలచగా ఉన్న చోట మెషీన్ పెడితే రంగు దాకా పోతుంది.

ఫోటోలు చూశాక కూడా అంకె ఒక్కటే పంపి ఊరుకోవద్దు. "ఫోటోలను బట్టి ఇంత. కారు చూశాక మారితే పని మొదలుపెట్టకముందే చెబుతాం, మీరు సరే అంటేనే మొదలుపెడతాం" అని రాయండి. ఫోన్‌లో మాట్లాడి కుదుర్చుకున్నా సరే, ఫోన్ పెట్టేసిన వెంటనే అదే మాట మెసేజీగా పంపండి. నోటిమాటను ఇద్దరూ రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటారు.

4. క్యాలెండర్‌లో ఎక్కించండి

ఈవెంటు పేరు ఒకే వరసలో రాయండి: మోడల్, పని, ఏరియా. నోట్స్‌లో కస్టమర్ నంబరు, చెప్పిన ధర, అడ్వాన్సు, గేటు దగ్గర ఎవరిని అడగాలో రాయండి. ప్రయాణానికి విడిగా ఇంకో ఈవెంటు పెట్టండి, లేకపోతే రెండు పనుల మధ్య దూరం క్యాలెండర్‌లో కనిపించదు. పనికీ పనికీ మధ్య కనీసం అరగంట ఖాళీ ఉంచండి. బకెట్లు కడిగి, గుడ్డలు వేరు చేసి, సామాను సర్దుకోవడానికే అందులో సగం పోతుంది.

గూగుల్ క్యాలెండర్ మామూలుగా అరగంట ముందు గుర్తుచేస్తుంది. ఈ పనికి అది చాలదు. ముందు రోజు సాయంత్రం ఒకటి, బయలుదేరాల్సిన వేళకు గంట ముందు ఒకటి పెట్టుకోండి.

అడ్వాన్సు రాని బుకింగ్‌కు పేరు ముందు ప్రశ్న గుర్తు పెట్టి వేరే రంగు ఇవ్వండి. ఎప్పటిలోగా అడ్వాన్సు పంపాలో కస్టమర్‌కు ముందే చెప్పి, రాకపోతే ఆ స్లాటు తీసేయండి. సిరామిక్ కోటింగ్ లాంటి రోజంతా పట్టే పనిని అడ్వాన్సు లేకుండా పట్టుకుని కూర్చుంటే ఆ రోజు మొత్తం పోవచ్చు.

లొకేషన్ విషయంలో ఒక పొరపాటు పదే పదే జరుగుతుంది. "లొకేషన్ పంపండి" అంటే కస్టమర్ ఆఫీసులో కూర్చుని "కరెంట్ లొకేషన్" నొక్కేస్తారు. కారేమో ఇంటి దగ్గర ఉంటుంది. "కారు ఉండే చోటి లొకేషన్ పంపండి, గేటు ఫోటో కూడా పెట్టండి" అని అడగండి.

5. ముందు రోజు సాయంత్రం

కస్టమర్‌కు ఒక మెసేజ్: "రేపు 9 గంటలకు వస్తున్నాం. కారులోని విలువైన వస్తువులు, కాగితాలు, పిల్లల సీటు తీసి ఉంచండి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" జవాబు రాకపోతే ఉదయం ఫోన్ చేసి, మాట్లాడాకే బయలుదేరండి.

వాతావరణ యాప్‌లో రోజు మొత్తానికి ఇచ్చే శాతం కాదు, గంట గంటకు ఇచ్చేది చూడండి. వాష్ చేసే వేళకు వాన లేకపోవడం ఒక్కటే చాలదు. కోటింగ్ వేస్తే ఆ తర్వాత ఒక రోజంతా కారు తడవకూడదు, కాబట్టి మర్నాటి వాన కూడా చూడాలి. యాప్‌లో కనిపించే ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు గాలిది. ఎండలో నిలిపిన నల్ల బానెట్ అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. అరచేతి వెనుక భాగం ప్యానెల్ మీద హాయిగా పెట్టలేకపోతే షాంపూ గానీ కెమికల్ గానీ వేయకండి, అక్కడే ఆరిపోయి మచ్చలు పడతాయి.

6. నీళ్లు తగలకముందు తనిఖీ

ఈ మెట్టు ఒక్కటీ సరిగ్గా చేస్తే మిగతావాటిలో లోపాలున్నా బయటపడగలరు. "ఈ గీత ఇంతకుముందు లేదు" అన్న మాటకు ఫోటో తప్ప ఇంకే జవాబూ నిలబడదు.

ముందు ఫోన్ లెన్సును శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. జేబులో మైనం, డ్రెస్సింగ్ (టైర్లకు, ప్లాస్టిక్‌కు మెరుపు కోసం రాసేది) అంటుకున్న ఫోన్ తీసే ఫోటోలన్నీ పొగమంచులో తీసినట్టే వస్తాయి. కెమెరాలో గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. అల్ట్రావైడ్ లెన్సు వాడవద్దు, అంచులు సాగి సొట్టలు కనిపించవు.

ఎప్పుడూ ఒకే వరసలో 15 ఫోటోలు తీయండి. డ్రైవర్ వైపు ముందు మూల నుంచి మొదలుపెట్టి, కారు చుట్టూ ఒకే దిశలో తిరుగుతూ నాలుగు మూలలు. తర్వాత నాలుగు చక్రాలు, బానెట్, రూఫ్, ముందు అద్దం. లోపల డాష్‌బోర్డు, ముందు సీట్లు, వెనుక సీట్లు, డిక్కీ. వరస మారకపోతే ఏదైనా మరిచిపోయినా వెంటనే తెలుస్తుంది.

డాష్‌బోర్డు ఫోటోకు ఇంజిన్ నడుస్తూ ఉండాలి. కీ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆపితే హెచ్చరిక దీపాలు చాలావరకు పరీక్ష కోసం వెలుగుతాయి. ఆ ఫోటో వల్ల ప్రయోజనం లేదు, పైగా మీకే ఎదురు తిరుగుతుంది. కస్టమర్ చేతనే స్టార్ట్ చేయించి, కొన్ని సెకన్లు ఆగి, దీపాలు ఆరాక తీయండి. ఇంకా వెలుగుతున్నది ఏదైనా ఉంటే అది పాత సమస్య. కిలోమీటర్ల అంకె, ఇంధనం ముల్లు కూడా ఆ ఫోటోలో పడాలి. పవర్ విండోలు, ఏసీ, మ్యూజిక్ పని చేస్తున్నాయో లేదో కూడా ఆ నిమిషంలోనే చూసేయండి.

కనిపించిన ప్రతి దెబ్బకూ రెండు ఫోటోలు తీయాలి. రెండు మీటర్ల దూరం నుంచి ఒకటి, అది కారులో ఎక్కడుందో తెలియడానికి. 30 సెంటీమీటర్ల దగ్గర నుంచి ఒకటి, ఎంత లోతో తెలియడానికి. దగ్గరి ఫోటోలో వేలితో చూపించండి, పెయింట్‌ను మాత్రం తాకవద్దు. దుమ్ము ఉన్న ప్యానెల్ మీద వేలు రాస్తే కొత్త గీత పడుతుంది.

గీతలను ఫోటోలో పట్టడం కొంచెం కష్టం. ఫోన్ ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి వెలుతురు నేరుగా తిరిగొచ్చి తెల్లటి మచ్చ మాత్రమే మిగులుతుంది. ఎల్ఈడీ టార్చిని ఇంకో చేత్తో, ఫోన్‌కు ఒక పక్కగా, ప్యానెల్‌కు అడుగు దూరంలో పట్టుకుని గీత మెరిసేదాకా మెల్లగా కదపండి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, నిగనిగలాడే పెయింట్ మీద కెమెరా గీతను వదిలేసి అందులో కనిపించే ఆకాశం మీద ఫోకస్ పెడుతుంది. గీత దగ్గర స్క్రీన్ మీద వేలు కొద్ది సేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. తర్వాత వెలుతురు కాస్త తగ్గించండి. తెల్ల కార్ల మీద ఎదురుగా నిలబడితే ఏమీ కనిపించదు, బాగా పక్క నుంచి చూడాలి.

ఫోటోల తర్వాత నిమిషం, నిమిషంన్నర వీడియో తీయండి. నంబరు ప్లేటుతో మొదలుపెట్టి కారు చుట్టూ నెమ్మదిగా నడుస్తూ, కనిపించినదల్లా నోటితో చెప్పండి: "ఎడమ వెనుక తలుపు, హ్యాండిల్ కింద, బెత్తెడు గీత, పాతది." 1080పీ సరిపోతుంది. 4కే పెడితే స్టోరేజీ కొన్ని రెట్లు తినేస్తుంది, దాని వల్ల అదనంగా తెలిసేదేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఫోటోలు మీ గ్యాలరీలోనే ఉంటే సగం పనే అయినట్టు. దెబ్బలున్న ఫోటోలను పని మొదలుపెట్టకముందే కస్టమర్ చాట్‌లో పెట్టి, "ఇవి ముందే ఉన్నవి అండీ, చూసి సరే అనండి" అని రాయండి. "సరే" వచ్చాకే నీళ్లు. ఎప్పుడు పంపారో, ఎప్పుడు "సరే" అన్నారో ఇద్దరి ఫోన్లలోనూ ఉంటుంది కాబట్టి తర్వాత వాదనకు చోటుండదు. వాట్సాప్ మామూలుగా ఫోటో నాణ్యత తగ్గిస్తుంది, సన్న గీతలు మాయమవుతాయి. పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి.

బురద పట్టిన కారు మీద సగం గీతలు కనిపించవు. అందుకే వాష్ చేసి ఆరబెట్టాక, మెషీన్ పట్టుకోకముందు, ఇంకో విడత ఫోటోలు తీయాలి. చాలామంది మొదటి విడతతో ఆపేస్తారు, గొడవ మాత్రం రెండో విడతలో కనిపించాల్సిన గీత మీద వస్తుంది. పెయింట్ మందం కొలిచే గేజ్ ఉంటే దాని అంకె కనిపించేలా, ఏ ప్యానెలో తెలిసేలా ఫోటో తీయండి. ఫోన్ ఒక్కటే పెయింట్ మందం కొలవలేదు.

7. పని జరుగుతుండగా

ఫోన్‌ను కారు మీద పెట్టవద్దు, ఒక్క నిమిషానికైనా సరే. కింద ఇరుక్కున్న ఇసుక రేణువుతో జారితే బానెట్ మీద గీత పడుతుంది. ప్యాంటు ముందు జేబులో పెట్టుకుని తలుపుకు ఆనుకున్నా అంతే. పౌచ్‌లో పెట్టి సామాను బండి మీద ఉంచండి.

ఐపీ68 (నీళ్లూ దుమ్మూ తట్టుకునే రేటింగ్) ఉన్న ఫోన్ అని ధీమా పడకండి. ఆ పరీక్ష నిలకడగా ఉన్న మంచినీళ్లలో చేసేది. సబ్బు నీళ్లకూ, వీల్ క్లీనర్‌కూ, ప్రెషర్ వాషర్ ధారకూ అది వర్తించదు. చార్జింగ్ పోర్టు తడిస్తే పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టవద్దు. ఎండలో మూసిన కారులో ఫోన్ వదిలేస్తే వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది, బ్యాటరీ కూడా దెబ్బతింటుంది.

కెమికల్ వేసిన ప్రతిసారీ టైమర్ పెట్టండి. చేతులు తడిగా ఉంటే వాయిస్ అసిస్టెంట్‌కు చెబితే చాలు. ఐరన్ రిమూవర్‌ను (పెయింట్‌కు, చక్రాలకు అంటుకున్న ఇనుప రేణువులను కరిగించే కెమికల్) సీసా మీద రాసినంత సేపే ఉంచాలి, ఆరిపోకముందే కడగాలి. సిరామిక్ కోటింగ్‌కు ఇది ఇంకా కీలకం. వేసిన తర్వాత ఎంతసేపటికి తుడవాలో సీసా మీద ఉంటుంది, ఆలస్యమైతే గట్టిపడి మళ్లీ పాలిష్ చేస్తే తప్ప పోదు. అందుకే ఫోన్ మోగినప్పుడు వెళ్లి మాట్లాడకండి. కోటింగ్ వేసేటప్పుడు "డు నాట్ డిస్టర్బ్" ఆన్ చేసి, వాట్సాప్ బిజినెస్‌లోని "అవే మెసేజ్"లో (మీరు అందుబాటులో లేనప్పుడు దానంతట అదే వెళ్లే జవాబు) "పని మీద ఉన్నాం, రెండు గంటల్లో ఫోన్ చేస్తాం" అని పెట్టండి.

కలిపే పాళ్లకు క్యాలిక్యులేటర్ వాడండి. 1:10 అంటే ఒక పాలు మందు (కెమికల్), పది పాళ్లు నీళ్లు, మొత్తం పదకొండు. 500 మిల్లీలీటర్ల సీసాకు 500ను 11తో భాగిస్తే 45 మిల్లీలీటర్ల మందు, మిగతా 455 నీళ్లు. 1:4 అయితే 500ను 5తో భాగించాలి, 100 మిల్లీలీటర్లు. పదితో, నాలుగుతో భాగించడం మామూలుగా జరిగే తప్పు. 1:10లో తేడా చిన్నదే. 1:4లో మాత్రం 100 బదులు 125 పడుతుంది, ప్రతి సీసాకూ పావు వంతు మందు వృథా.

8. పని అయ్యాక ఫోటోలు

"ముందు" ఫోటో ఎక్కడి నుంచి తీశారో అక్కడి నుంచే, అదే ఎత్తులో, అదే జూమ్‌తో, అదే వెలుతురులో తీయండి. ముందుది నీడలో, తర్వాతది ఎండలో తీస్తే చూసేవాళ్లకు మీ పని కాదు, ఎండ కనిపిస్తుంది. ఫిల్టర్లు వద్దు.

తడి కారు ఎప్పుడూ మెరుస్తుంది. పూర్తిగా ఆరాకే తీయాలి. పాలిష్ తర్వాత ఇంకో జాగ్రత్త ఉంది: పాలిష్‌లోని నూనెలు సన్న గీతలను తాత్కాలికంగా కప్పేస్తాయి. ప్యానెల్ వైప్‌తో (ఆ నూనెలను తీసేసే ద్రవం) తుడిచి, టార్చి పక్క నుంచి వేసి చూడండి. గీతలు మళ్లీ కనిపిస్తే పని ఇంకా ఉంది. ఈ పరీక్ష ఫోటో కోసం మాత్రమే కాదు. రెండు వాష్‌ల తర్వాత కస్టమర్ ఫోన్ చేసి "మళ్లీ గీతలొచ్చాయి" అనకుండా ఉండాలంటే ఇదే దారి.

బయట పెట్టే ఫోటోలకు ముందుగా కస్టమర్ అనుమతి అడగండి. ఫోటో ఎడిటర్‌లో నంబరు ప్లేటు మీద నిండు రంగు చతురస్రం పెట్టి పూర్తిగా కప్పండి. మార్కర్‌తో పైపైన గీస్తే వెలుతురు పెంచి చదివేయవచ్చు. ఇంటి నంబరు, కారులోని కాగితాలు ఫోటోలో పడ్డాయేమో చూడండి. ఒరిజినల్ ఫైలులో తీసిన చోటు వివరం కూడా దాగి ఉండవచ్చు. ఆ ఫోటోకు స్క్రీన్‌షాట్ తీసి దాన్ని పెడితే ఆ వివరం పోతుంది.

9. డబ్బు, బిల్లు

కారు చూపించి, కస్టమర్ చుట్టూ తిరిగి చూసి సరే అన్నాక బిల్లు పంపండి. షీట్స్‌లో ఒక నమూనా చేసి పెట్టుకుంటే కాపీ తీసి, అంకెలు నింపి, పీడీఎఫ్‌గా పంపడానికి రెండు నిమిషాలు పడుతుంది. బిల్లు సంఖ్య, తేదీ, నంబరు ప్లేటు, చేసిన పనులు, అదనంగా చేసినవి, అడ్వాన్సు, ఇవ్వాల్సినది ఉండాలి. బిల్లు సంఖ్యలు వరసగా ఉండాలి, మధ్యలో ఖాళీలు రానివ్వకండి. పన్ను వివరాలు మీ ఊరి నియమం ప్రకారం చేర్చండి.

క్యూఆర్ కోడ్‌తో తీసుకుంటే కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి, దాన్ని ఎవరైనా తయారుచేయవచ్చు. మీ బ్యాంకు యాప్ తెరిచి డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే తాళం ఇవ్వండి. "మీకు అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నవాళ్లు మోసగాళ్లు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

కోటింగ్ వేసిన కారైతే బిల్లుతో పాటే జాగ్రత్తలు రాసి పంపండి: ఒక రోజు తడవనివ్వకండి, వారం రోజులు వాష్ వద్దు, పక్షి రెట్ట పడితే వెంటనే తడిగుడ్డతో తీసేయండి. సీసా మీద వేరే గడువు ఉంటే అదే రాయండి.

10. ఒక్కో కారుకు ఒక్క వరస

షీటులో ఈ నిలువు గడులు చాలు: తేదీ, మోడల్, పని, చెప్పిన ధర, అందిన డబ్బు, మొదలు, ముగింపు, ప్రయాణ నిమిషాలు, మందుల ఖర్చు, దారి ఖర్చు, గమనిక. మొదలు, ముగింపు వేళలను పని దగ్గరే కొట్టండి. రాత్రి గుర్తుచేసుకుని రాస్తే ప్రతిసారీ తక్కువే రాస్తాం.

మందుల ఖర్చుకు సీసా తెరిచిన రోజు దాని మీద తేదీ రాసి ఫోటో తీయండి. అయిపోయిన రోజు ఎన్ని కార్లకు వచ్చిందో లెక్కపెట్టి ధరను ఆ సంఖ్యతో భాగించండి. కచ్చితంగా మిల్లీలీటర్లు కొలవక్కర్లేదు.

గంటకు ఎంత మిగిలిందో షీటే లెక్కకట్టాలంటే ఒక కిటుకు తెలియాలి. ముగింపు నుంచి మొదలు తీసేస్తే షీట్స్ ఇచ్చేది గంటలు కాదు, రోజులో భాగం. దాన్ని 24తో గుణిస్తేనే గంటలు వస్తాయి. గుణించకపోతే గంట సంపాదన 24 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. అందిన డబ్బులోంచి మందుల ఖర్చు, దారి ఖర్చు తీసేసి, పని గంటలకు ప్రయాణ గంటలు (నిమిషాలను 60తో భాగించి) కలిపి, వచ్చిన మొత్తంతో భాగించండి. సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఒక వరసను చేత్తో లెక్కకట్టి పోల్చండి.

పాతిక ముప్పై వరసలు నిండాక పని రకాన్ని బట్టి వేరుచేసి చూడండి. పెద్ద ధర పలికే పాలిష్ కంటే నెల నెలా వచ్చే చిన్న వాష్ గంటకు ఎక్కువ మిగల్చడం, దూరపు ఏరియా ఒకటి అసలేమీ మిగల్చకపోవడం లాంటివి ఇక్కడే బయటపడతాయి. ధరలు మార్చాల్సింది ఈ గడిని చూసి. పక్కవాళ్ల ధర చూసి కాదు.

11. రివ్యూలు, మళ్లీ పిలుపులు

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, కస్టమర్లను తమ చోటికి రప్పించుకోనివాళ్లు అడ్రస్ దాచి, వెళ్లే ఏరియాలు మాత్రం పెట్టాలి. 20 వరకు పెట్టుకోవచ్చు. రివ్యూ లింకును క్విక్ రిప్లైలో ఉంచి, పని అయిన రోజు సాయంత్రమే పంపండి. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామని అనవద్దు, అది గూగుల్ నియమాలకు విరుద్ధం.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి) పంపినా చేరడం లేదని చాలామంది అడుగుతారు. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది వెళ్తుంది. తెలియని నంబర్లకు గుంపుగా పంపితే జనం రిపోర్టు కొడతారు, నంబరే పోవచ్చు. దానికంటే క్యాలెండర్‌లో ప్రతి కారుకూ ఒక రిమైండర్ మేలు: మూడో రోజు "అంతా బాగుందా అండీ?", మైనం వేసిన కారుకు రెండు నెలలకు ఒక మెసేజ్. పేరు పెట్టి, కారు పేరు రాసి పంపండి.

12. ఫోన్ పోతే

వాట్సాప్ చాట్ బ్యాకప్ రోజూ జరిగేలా పెట్టండి. ఫోటోలు కూడా వైఫైలో క్లౌడ్‌కు వెళ్లాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఫోటోలకూ, డ్రైవ్‌కూ, మెయిల్‌కూ కలిపి. రోజూ వీడియోలు తీసేవాళ్లకు త్వరగా నిండుతుంది, నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. పెద్ద గొడవలకు ఆస్కారం లేని పాత కార్ల వీడియోలు మూడు నెలలకు తీసేయండి, కోటింగ్ వేసినవాటివి మాత్రం వారంటీ ముగిసేదాకా ఉంచండి.

స్టోరేజీ నిండిందని గూగుల్ ఫోటోస్‌లో డిలీట్ నొక్కితే క్లౌడ్‌లోంచి కూడా పోతాయి. ఫోన్‌లో చోటు కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" వాడాలి. పొరపాటున పోతే వెంటనే ట్రాష్‌లో చూడండి, బ్యాకప్ అయినవి 60 రోజులు అక్కడ ఉంటాయి.

ఫోల్డర్ పేర్లు సంవత్సరం, నెల, రోజు, ప్లేటు చివరి నాలుగు అక్షరాలు అన్న వరసలో పెట్టండి. అప్పుడు అవే తేదీల వారీగా సర్దుకుంటాయి. నెలకోసారి పరీక్ష చేయండి: రెండు నెలల కిందటి ఒక కారును ఎంచుకుని, దాని "ముందు" ఫోటోలు, కస్టమర్ "సరే" అన్న మెసేజ్, బిల్లు, ఈ మూడింటినీ వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో రెండు నిమిషాల్లో తీయగలరేమో చూడండి. చాట్‌ను కంప్యూటర్‌లో లింక్‌డ్ డివైస్‌గా తెరిచి చూడవచ్చు. ఏది దొరకలేదో దాని మెట్టు దగ్గరికి వెళ్లి, ఎక్కడ వదిలేశారో చూసి సరిచేసుకోండి.